వెంకట్రాం సారు ఇంగ్లండ్ పోయిన దసరా

దసరా సెలవులు మొదలైన నాడు పొద్దున్నే వెంకట్రాం సారు బియ్యం నింపిన సంచిని వీపుకు తగిలించుకొని పెరట్లో చుట్లు తిరగడం మొదలుపెట్టాడు. బావి దగ్గర నుంచి బర్రెల కొట్టం దాకా, కొట్టం నుంచి మళ్ళీ బావి దాకా. బొమ్మ చూపించి టైలర్ చేత ఖాకీ కాన్వాసుతో కుట్టించిన సంచి అది. భుజాలకు రెండు పట్టీలు, నడుముకు ఒక బెల్టు. తొర్రూరులో అంతకుముందు అలాంటిది ఎవరూ కుట్టించుకోలేదు కాబట్టి ఒక పట్టీ పొడుగ్గా, ఒకటి పొట్టిగా వచ్చింది. దాంతో సారు పక్క నుంచి ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఒకవైపు ఒరిగి నడుస్తున్నాడు.

"గా బియ్యం జర దించుతరా? ఎసరు మరుగుతున్నది," అన్నది నిర్మల వంటింటి గడపలో నిలబడి.

"ఇంకొక్క చుట్టు. బరువు అలవాటు కావాలె గదా."

వెంకట్రాం తొర్రూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాడు. ఇంగ్లండు మాత్రం చూడలేదు. చాలా ఏళ్ళ కింద ఏదో పత్రికలో అడ్రసు కనబడితే అక్కడి ఒక యాత్రల ఆఫీసుకు కార్డు రాశాడు. వాళ్ళు ఏమనుకున్నారో ఏమో, రంగురంగుల పుస్తకాలు, పెద్ద పెద్ద మ్యాపులు పంపించారు. అప్పటి నుంచి బడి నుంచి వచ్చి చాయ్ తాగాక మ్యాపు పరుచుకొని, పెన్సిలు పట్టుకొని ఇంగ్లండులో నడవడం ఆయనకు అలవాటయింది. ఏ ఊళ్ళో కోటగోడ ఎటు తిరుగుతుందో, ఏ వంతెన దాటితే ఏ పాత సందు వస్తుందో, నిలువురాళ్ళు వలయంగా పాతిన స్టోన్‌హెంజ్‌కు ఏ తోవన పోవాలో ఆయనకు నోటికి వచ్చు. "ఇయ్యాల ఎందాక పోయిండ్రు?" అని నిర్మల అడిగేది. "విన్‌చెస్టర్ దాటిన," అనేవాడు. "అన్నం ఇంట్ల తింటరా, ఆడనే తిన్నరా?" అనేది ఆమె. ఒకసారి "రేపు బాత్ పోత" అంటే, అది ఊరి పేరని తెలియక, పాపం, నిర్మల తెల్లారి లేచి స్నానానికి నీళ్ళు కాచి పెట్టింది.

ఆ ఏడాది వానాకాలంలో ఆయనకు ఒక సంగతి తట్టింది. సాలిస్‌బరీ అనే ఊళ్ళో ఆకాశాన్ని పొడిచే శిఖరంతో ఒక పెద్ద చర్చి ఉంది. అది కడుతున్న కాలంలోనే ఇక్కడ కాకతీయులు ఘనపూర్‌లో కోటగుళ్ళు కట్టించారు. ఆ చర్చికి ఎన్ని వాకిళ్ళున్నాయో తాను చెప్పగలడు. ఒక్క పూట ప్రయాణంలో ఉన్న కోటగుళ్ళు తూర్పుకు చూస్తాయో పడమటికి చూస్తాయో తెలియదు. ఆ ఆలోచన వచ్చిన రోజు సారు పెన్సిలు కింద పెట్టేశాడు. ఈ సెలవుల్లో చిట్యాల దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఇంగ్లండులో కుర్రకారు పోయినట్టు సంచి వీపుకు వేసుకొని ఘనపూర్ దాకా నడిచి పోవాలని, కళ్ళారా చూసి రావాలని నిశ్చయించుకున్నాడు. నిర్మల కాదనలేదు.

"ఇన్నేండ్లు ఇంట్ల కూసోనే ఇంగ్లండ్ అంత తిరిగిండ్రు. ఇగ నిజంగనే బయలెల్లుతున్నరు, మంచిదే," అన్నది బియ్యం చేటలోకి ఒంపుకుంటూ.

సరిగ్గా అప్పుడే ప్రహరీ గోడ అవతల బట్టలు ఆరేస్తున్న బుచ్చక్క చేతిలో చీర అలాగే ఆగిపోయింది. బుచ్చక్కది చెడ్డ మనసు కాదు. చేతికొచ్చిన మాటను ఖాళీ చేతులతో అవతలికి పంపడం ఆమెకు చేతకాదు, అంతే.

"సారూ, సంచి కొత్తగున్నది. ఎటు పయనం?" అని గోడ మీది నుంచి అడిగింది.

"ఘనపూర్, అక్కా."

బుచ్చక్కకు అంతా అర్థమైపోయింది. ఆ జిల్లాలో ఘనపూర్‌లు రెండు. కోటగుళ్ళున్న ఘనపూర్ ములుగు దాటాక, అడవి అంచున ఉంది. రెండోది జనగామ దిక్కున, రైలు ఆగే ఊరు, స్టేషన్ ఘనపూర్. తొర్రూరులో ఘనపూర్ అంటే ఈ రెండోదే. అక్కడ రైలెక్కితే హైదరాబాదు, హైదరాబాదులో విమానమెక్కితే ఇంగ్లండు. బట్టలు ఆరడానికంటే ముందే ఈ లెక్క బజారు చేరింది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు వీరస్వామి గొడుగు వేసుకొని వచ్చాడు. ఆయన లెక్కల సారు, భయస్తుడు.

"వెంకట్రాం, సర్కారు నౌకరి జేస్తున్నం. పర్మిషన్ లేకుంట దేశం దాటుతవా? రేపు పైనోళ్ళు అడిగితే నేనేం చెప్పాలె?"

"దేశం ఏంది సార్, నేను పోయేది ఘనపూర్‌కు."

"అదే గదా. రైలు ఆడనే గదా ఎక్కేది."

"ఆ ఘనపూర్ కాదు సార్. ములుగు దిక్కు ఘనపూర్. కోటగుళ్ళు చూసొద్దామని, నడుచుకుంట."

వీరస్వామి ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తలాడించి, గొంతు తగ్గించాడు. "బాగున్నది. ఎవలడిగినా గిదే చెప్పు. సెలవుల్ల గుళ్ళు చూడవోయిండంటే ఎవలు కాదంటరు? నాకేం తెల్వదు, నేను రానే రాలే." గొడుగు మూసుకొని, దొంగలా పెరటి దారిన వెళ్ళిపోయాడు. నిజం ఇంత తేలిగ్గా అబద్ధమైపోతుందని వెంకట్రాం ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున సంచి సర్దుకొని వీధిలోకి వచ్చేసరికి ఇంటి ముందు జగపతి జీపు ఆగి ఉంది. జగపతి ఊళ్ళో పెద్ద భూస్వామి, మాట చెల్లే మనిషి. ఆయన చేతిలో, మూతికి తెల్లగుడ్డ కట్టిన ఒక జాడీ ఉంది.

"మా అక్క కొడుకు లీడ్స్‌ల డాక్టర్ చదువు చదువుతున్నడు, ఎరుకే గదా. మామిడికాయ తొక్కు. వాని చేతుల వెట్టు," అన్నాడు జాడీ అందిస్తూ.

"పటేలా, నేను పోయేది ఇంగ్లండ్ కాదు. జర నా మాట వినుండ్రి."

"వీరస్వామి సారు చెప్పిండు. గుళ్ళు చూడవోతున్నవట. నాకు సమజైంది. నేనెవలకూ చెప్ప," అన్నాడు జగపతి, వీధి చివరి ఇంటి దాకా వినపడేలా.

వెంకట్రాం మరో మాట అనేలోపు సంచి జీపెక్కింది. బుచ్చక్క హారతి పళ్ళెం తెచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు బంతిపూల దండ వేశారు. ఒకాయన ఇంగ్లండులో చలి ఎక్కువని తన కంబళి తెచ్చిచ్చాడు. పిల్లలకు పాఠం చెబితే వెనక బెంచీ దాకా వినపడే సారు గొంతు, ఇంతమంది సంతోషం ముందు పెగల్లేదు. ఆయన నిర్మల వైపు చూశాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకొని ఆడవాళ్ళు ఓదార్చారు. నవ్వాపుకుంటున్నదని సారుకు మాత్రమే తెలుసు.

జగపతి ఆయన్ని స్టేషన్ ఘనపూర్ తీసుకుపోయి, టికెట్ కొనిచ్చి, హైదరాబాదు ప్యాసింజర్ ఎక్కించి, రైలు కదిలే దాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. వెంకట్రాం జనగామలో దిగాడు. మెడలో బంతిపూల దండ తీసి స్టేషన్ బయట నిలబడ్డ ఆవుకు పెట్టి, హన్మకొండ బస్సెక్కాడు. ఆ బస్సు మళ్ళీ స్టేషన్ ఘనపూర్ మీదుగానే పోతుందన్న సంగతి, జగపతి జీపు చాయ్ హోటల్ ముందు కనబడ్డాక గానీ ఆయనకు గుర్తుకు రాలేదు. బస్సు సరిగ్గా అక్కడే ఆగింది. జగపతి సాసర్‌లో చాయ్ పోసుకొని ఊదుకుంటున్నాడు. సారు కంబళి నెత్తిన కప్పుకొని సీటు కిందికి జారాడు.

"ఏమైంది సారూ, పానం బాగలేదా? దవాఖాన కాడ దింపాల్నా?" అన్నాడు కండక్టర్.

"చలి," అన్నాడు సారు కంబళిలోంచి. బయట ఎండ మండిపోతోంది.

హన్మకొండలో బస్సు మారి చిట్యాలలో దిగాక అసలు నడక మొదలైంది. ఆ నడకలో వెంకట్రాం జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషపడ్డాడు. పొట్ట మీదున్న వరిచేలు, చెరువు కట్టలు, ఎక్కడో ఒంటరిగా నిలబడ్డ రాతి స్తంభం. ప్రతి దాని దగ్గరా ఆగాడు. "ఇదెవరు పెట్టిండ్రు? ఎప్పుడు?" అని కనబడిన వాళ్ళనల్లా అడిగాడు. వాళ్ళు సమాధానం చెప్పకుండా, బండెక్కమని బతిమాలారు. వద్దంటే అనుమానంగా చూశారు. దారిలో ఒక బడి అరుగు మీద పడుకున్నాడు. పొట్టి పట్టీ భుజాన్ని కోసింది. మడమ బొబ్బలెక్కింది. అయినా కోటగుళ్ళ గోడ కనబడగానే దాదాపు పరుగెత్తాడు.

గుళ్ళు ఒకటి కాదు. పెద్ద గుడి చుట్టూ చిన్న చిన్న గుళ్ళు, కొన్ని నిలబడి, కొన్ని కూలి, చెట్ల వేళ్ళు రాళ్ళను ముద్దగా పట్టుకొని. ఏనుగు మీదికి లంఘించిన రాతిసింహాన్ని చూస్తూ ఆయన నోరు తెరిచి నిలబడిపోయాడు. పెద్దగుడి తూర్పుకు చూస్తోంది. తెలిసింది. ఎన్నో ఏళ్ళు మ్యాపు మీద తిరిగినా రాని తృప్తి ఆ ఒక్క ముక్క తెలియడంలో వచ్చింది.

అప్పుడు, పడిపోయిన స్తంభం మీద కూర్చొని బూటు విప్పి మడమ చూసుకుంటున్న ఒక తెల్లవాడు కనబడ్డాడు. అతని వీపున కూడా సంచి ఉంది. దాని పట్టీలు రెండూ సమానంగా ఉన్నాయి.

అతని పేరు కాలిన్. ఊరు ఇంగ్లండులోని స్విండన్. రామప్ప చూసి ఇటు వచ్చాడు, ఇక్కడి నుంచి ఖమ్మం పోవాలి, దారి తెలియదు, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. వెంకట్రాం ముందుగా అడిగింది ఒకటే: "స్టోన్‌హెంజ్ చూశారా?"

"కారులోంచి ఒకసారి. వాన పడుతోంది. ఏమీ కనబడలేదు," అన్నాడు కాలిన్.

"సాలిస్‌బరీ?"

"లేదు."

"స్విండన్ నుంచి ఎంతో దూరం లేదే. దక్షిణానికి పోతే, దారిలో ఏవ్‌బరీలో కూడా నిలువురాళ్ళుంటాయి. రాళ్ళ మధ్యలోనే ఊరుంటుంది."

కాలిన్ బూటు చేతిలో పట్టుకొని ఆయన్ని చాలాసేపు చూశాడు. "మీరు అక్కడ ఎప్పుడున్నారు?"

"ఎన్నడూ లేను."

"నేను పుట్టినప్పటి నుంచీ ఉన్నాను," అన్నాడు కాలిన్, తప్పు చేసినవాడిలా.

గుళ్ళ వెనకాల తండాలో కమ్లీ, జాల్యా అనే మొగుడూ పెళ్ళాల గుడిసె ఉంది. వీళ్ళిద్దరి అవతారం చూసి కమ్లీ జొన్నరొట్టెలు చేసి పెట్టింది. కూర అయిపోయిందని నొచ్చుకుంది. వెంకట్రాం సంచిలోని జాడీ వైపు చూశాడు. కాసేపు ధర్మసందేహం పడ్డాడు. ఇంగ్లండు వాడి కోసం ఇచ్చిన తొక్కు, ఇంగ్లండు వాడే తింటున్నాడు కదా అనుకొని గుడ్డ విప్పాడు. కాలిన్ మొదటి ముద్దకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండో ముద్దకు మాట్లాడటం మానేశాడు. మర్నాటి సాయంత్రానికి జాడీ ఖాళీ అయింది.

"సారూ, బస్సుకు పైసలు లేకనా గిట్ల నడుస్తున్రు?" అని అడిగింది కమ్లీ.

"ఉన్నయమ్మా."

"ఎవలన్న తరుముతున్రా?"

"లేదు. గుళ్ళు చూద్దామని."

కమ్లీ గుళ్ళ వైపు చూసింది, మళ్ళీ వాళ్ళ మడమల వైపు చూసింది. "గవి ఏడికి పోతయి? కాళ్ళు నయమైనంక చూడరాదుండ్రి," అంటూ వేపాకు నూరి ఇచ్చింది.

ఖమ్మం పోవాలంటే తొర్రూరు మీదుగా బస్సులున్నాయి. తనతో తీసుకుపోయి, ఖమ్మం బస్సు ఎక్కించి, ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరాలని వెంకట్రాం అనుకున్నాడు. అనుకున్నట్టు జరగాలంటే ఆ రోజు సంత కాకుండా ఉండాలి. బస్సు దిగేసరికి తొర్రూరు అంతా బస్టాండ్‌లోనే ఉంది. ముందు కాలిన్ దిగాడు, వెనక సారు.

మొదట బుచ్చక్క గొంతు వినబడింది. "సారు వచ్చిండు. ఒక దొరను గూడ తోలుకొచ్చిండు."

పోయి వారం కూడా తిరగలేదే అని ఎవరో అన్నారు. "విమానం గదా. ఎర్రబస్సు అనుకున్నవా?" అని బుచ్చక్క వాళ్ళ నోరు మూయించింది. వెంకట్రాం ఖమ్మం బస్సు కోసం కళ్ళతో వెతికాడు. అది అప్పుడే వెళ్ళిపోయిందట. కాసేపట్లో ఇద్దరూ జగపతి ఇంటి వాకిట్లో కుర్చీల్లో కూర్చొని ఉన్నారు. వాకిలి నిండా జనం. నిర్మల స్తంభం పక్కన నిలబడింది. వీరస్వామి చెమట తుడుచుకుంటున్నాడు. ఊరంతటికీ తెలిశాక పై అధికారులకు తెలియకుండా పోదని, నౌకరి మీదికి వస్తుందని ఆయన బెంగ.

"మావోడు ఎట్లున్నడు? తొక్కు అందిందా?" అన్నాడు జగపతి.

వెంకట్రాం లేచి నిలబడ్డాడు. జగపతికి కోపం వచ్చినా సరే, అబద్ధం మాత్రం మోయలేననుకున్నాడు. "అందలేదు పటేలా. నేను ఇంగ్లండ్ పోలేదు. జనగామల రైలు దిగిన. తొక్కు మేమిద్దరం తిన్నం. తప్పయింది."

జనంలోంచి ఒక ముసలాయన అన్నాడు, "ఎంత అణకువ చూడు. మా సారు ఎన్నడూ గొప్పలు చెప్పుకోడు."

"గా దొరనే అడుగుదం," అన్నది బుచ్చక్క.

అడగడానికి ఇంగ్లీషు వచ్చినవాడు మళ్ళీ వెంకట్రామే. వీరస్వామికి కొంచెం వచ్చు గానీ, స్విండన్ ఇంగ్లీషు ఆయనకు ఒక్క ముక్కా అందలేదు. అయినా ప్రతి మాటకూ తలూపాడు. కాలిన్ చెప్పినదాన్ని వెంకట్రాం ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి మార్చాడు: "ఈయనను నేను ఇంగ్లండులో చూడలేదు, ఘనపూర్‌లో చూశాను. కానీ మా దేశంలో దారులు నాకంటే ఈయనకే బాగా తెలుసు."

"పోకుంటే దారులు ఎట్ల తెలుస్తయి?" అని జనం తృప్తిగా తలలాడించారు.

చివరికి నిర్మల ముందుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం లేదు. "ఓ పటేలా, నా మాటిను. ఈయన సంచిల స్వెట్టర్ గూడ పెట్టుకోలే. చలి దేశం పోయేటోడు గట్ల పోతడా? పోయింది ములుగు దిక్కు ఘనపూర్‌కు, చిట్యాల కాడికెల్లి నడుచుకుంట. నేనే సద్దిగట్టి పంపిన."

సద్ది మూట మాట అందరికీ నమ్మకం కలిగించింది. వీరస్వామి గట్టిగా ఊపిరి వదిలి, "నేను మొదటి నుంచీ గదే చెప్తున్న," అన్నాడు. జగపతి మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అనుమానం ఉంది.

"అంటే, చిట్యాల కాడికెల్లి ఘనపూర్ దాకా నడిచిపోయినవా?"

"అవును."

"బస్సులుండంగ?"

"అవును."

"రాళ్ళు చూసెతందుకు?"

"అవును పటేలా."

"అబద్ధం," అన్నాడు జగపతి.

వాకిలంతా ఆయన మాటే సరైనదంది. ఇంగ్లండు పోయాడంటే ఒక్క సాక్ష్యం అడగని ఊరు, ఘనపూర్ నడిచిపోయాడంటే ఒప్పుకోలేదు. వెంకట్రాంకు మొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపంలో సిగ్గు పోయి, గొంతు లేచింది. వెనక బెంచీకి పాఠం చెప్పే గొంతు. ఏనుగు మీది సింహం, చెట్టు వేళ్ళు పట్టుకున్న రాళ్ళు, తూర్పు వాకిట్లోంచి పొద్దుటి వెలుతురు లోపలి స్తంభాల దాకా ఎట్లా పాకుతుందో, అన్నీ చెప్పాడు. అదే కాలంలో సముద్రం అవతల సాలిస్‌బరీలో రాయి మీద రాయి ఎట్లా పెట్టారో కూడా చెప్పాడు. ఎవరూ లేవలేదు. కాలిన్‌కు తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, అతనూ వింటూనే ఉన్నాడు.

"సింహం ఏనుగు మీద ఉంటదా, ఏనుగు సింహం మీదనా?" అని అడిగింది బుచ్చక్క. ఆమె గొంతులో ఈసారి మరొకరికి చేరవేయాలన్న తొందర లేదు.

"రేపు పోయి చూద్దం," అన్నాడు జగపతి. "అబద్ధమైతే ఆడనే తేలుతది."

మర్నాడు కాలిన్‌ను ఖమ్మం బస్సెక్కించారు. ఇంటికి పోగానే సాలిస్‌బరీ చూస్తానని అతను సారుకు మాటిచ్చాడు. తర్వాత జగపతి, వీరస్వామి, బుచ్చక్క, నిర్మల, వెంకట్రాం జీపులో ఘనపూర్ బయలుదేరారు. తండాలో కమ్లీ సారును గుర్తుపట్టి, "కాళ్ళు నయం కాంగనే వచ్చినవా? మంచిగ జేసినవ్," అన్నది. జగపతికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. అయినా ఆయన జీపు దగ్గరికి తిరిగి రాలేదు. ఒక్కో చిన్న గుడిలోకీ తల వంచి దూరి, ఒక్కో స్తంభాన్నీ చేత్తో తడుముతూ తిరిగాడు. వీరస్వామి భయం మరిచి గోడెక్కాడు. బుచ్చక్క సింహం ముందు కూర్చొని, అడిగినా ఎవరితోనూ మాట్లాడలేదు. నిర్మల భర్త పక్కన నిలబడి, "రేపు ఎటు పోతరు?" అని అడిగింది. "నువ్వెటంటే అటు," అన్నాడు వెంకట్రాం. పొద్దువాలుతుంటే అందరినీ బతిమాలి జీపెక్కించాల్సి వచ్చింది.

పెద్దమనుషులంతా జీపులో ఎక్కడికి పోయి వచ్చారని తొర్రూరు బజారులో మాట పుట్టింది. జగపతి, వెంకట్రాం సారును వెంటేసుకొని, పొద్దున పోయి సాయంత్రానికల్లా ఇంగ్లండు చూసి వచ్చాడని నలుగురూ చెప్పుకున్నారు. జగపతి ఆ మాటను కాదనలేదు.